వాటర్‌ఫర్డ్ పల్లెల పేర్లన్నీ రాసిపెట్టిన ఫాదర్ పవర్: ఆయన పుస్తకాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

షూర్_ఒడ్డున
ఐర్లండులోని వాటర్‌ఫర్డ్‌లో ఉంటున్నాను. మా అమ్మాయి చదివే బడిలో పిల్లలందరినీ తమ తమ టౌన్‌ల్యాండ్ చరిత్ర రాసుకుని రమ్మన్నారు. పేరులో టౌన్ ఉన్నా అది పట్టణం కాదు. మన రెవెన్యూ గ్రామం కన్నా చాలా చిన్నది, కొన్నిచోట్ల నాలుగైదు కమతాలకు మించని భూభాగం. దేశం మొత్తం మీద ఇలాంటివి 60,000 పైచిలుకు ఉన్నాయి. లైబ్రరీలో అడిగితే, రెవరెండ్ ప్యాట్రిక్ పవర్ అనే కథోలిక గురువు 1907లో ప్రచురించిన 'ద ప్లేస్‌నేమ్స్ ఆఫ్ డెసీస్' చూడమన్నారు. తెరిచి చూస్తే మా టౌన్‌ల్యాండ్ పేరు మాత్రమే కాదు, అందులోని పొలాలకు, ఊటబావులకు, డొంకదారులకు, ఒక మూల ఉన్న బండరాయికి కూడా ఐరిష్ పేరు, దాని కింద అర్థం రాసి ఉన్నాయి. నాకు రెండు సందేహాలు. ఆదివారం పూజ, పాపసంకీర్తనలు, పెళ్లిళ్లు, చావులు చూసుకోవలసిన మనిషికి ఇంత పని చేసే వీలు ఎలా దొరికింది? రెండోది, ఒక మతగురువు రాసిన స్థానిక చరిత్రను ఎంతవరకు నమ్మి పిల్ల నోటుపుస్తకంలోకి ఎక్కించవచ్చు?

నేతిబీరకాయ
పొలం మూల ఉన్న బండరాయికి కూడా పేరు రాసుకున్న మనిషిని వీలు గురించి అడగకూడదండీ, ఏడాదికి ఎన్ని జతల బూట్లు అరిగాయని అడగాలి.

పాతకాగితం
మీ మొదటి సందేహానికి జవాబు ఆయన ఉద్యోగంలోనే ఉంది. పవర్ 1862లో వాటర్‌ఫర్డ్ నగరానికి దగ్గరలోని కల్లహాన్‌లో పుట్టాడు. నగరంలోనే సెయింట్ జాన్స్ కళాశాలలో చదివి 1885లో గురుపట్టం పుచ్చుకున్నాడు. ఆ రోజుల్లో ఐరిష్ మేత్రాసనాల్లో (ఒక్కొక్క బిషప్పు కింద ఉండే చర్చి ప్రాంతాల్లో) గురువులు ఎక్కువగా ఉండేవారు కనుక కొత్తగా పట్టం పొందినవారిని బయటి దేశాలకు పంపేవారు. ఈయన కూడా కొంతకాలం లివర్‌పూల్‌లోనూ, ఆ తరువాత ఆస్ట్రేలియాలోనూ పనిచేసి తిరిగివచ్చాడు. వచ్చాక ఆయనకు అప్పగించిన ముఖ్యమైన పని వాటర్‌ఫర్డ్, లిస్మోర్ మేత్రాసనానికి బడుల ఇన్‌స్పెక్టరు పదవి. ప్రభుత్వ ఇన్‌స్పెక్టరు లెక్కలు, చదవడం, రాయడం పరీక్షిస్తే, మేత్రాసన ఇన్‌స్పెక్టరు పిల్లలకు జ్ఞానోపదేశం, అంటే మతపాఠం, ఎంతవరకు వచ్చిందో పరీక్షించేవాడు. అంటే మేత్రాసనంలో బడి ఉన్న ప్రతి మూలకూ వెళ్లడం ఆయన విధి. మధ్యాహ్నానికి పరీక్ష ముగిశాక ఉపాధ్యాయుడు, విచారణ (పారిష్) గురువు, ఊళ్లోని వృద్ధులు ఎవరితోనైనా కూర్చుని మాట్లాడే అవకాశం దానంతట అదే దొరికేది. డెసీస్ అనే పాత ఇలాకా దాదాపు ఆయన మేత్రాసనం మీద పరుచుకున్నట్టుగా ఉంటుంది. వాటర్‌ఫర్డ్ కౌంటీలో అధిక భాగం, టిప్పరరీ దక్షిణ భాగం అందులోకి వస్తాయి. అందుచేత ఉద్యోగరీత్యా తిరిగిన నేలనే ఆయన పుస్తకంగా మార్చాడని చెప్పవచ్చు.

ఆయన జీవితం అక్కడితో ఆగలేదు. వాటర్‌ఫర్డ్‌లో 1894లో పురావస్తు సంఘం ఏర్పడింది. దాని పత్రికకు ఆయన సంపాదకత్వం వహించాడు, శిథిలమైన పాత చర్చిల గురించి అందులో వరుసగా వ్యాసాలు రాశాడు. 1914లో ఆర్డ్‌మోర్ సెయింట్ డెక్లాన్, లిస్మోర్ సెయింట్ మోఖుడాల జీవితగాథలను ఐరిష్ మూలంతో సహా పరిష్కరించి ఇంగ్లీషులో ఇచ్చాడు. 1915 నుంచి కార్క్ యూనివర్సిటీ కాలేజీలో పురావస్తుశాస్త్ర ఆచార్యుడు. 1932లో ఫెర్మోయ్ ప్రాంతపు మధ్యయుగ భూగోళ గ్రంథం 'క్రీహద్ అన్ హీలీ'ని ప్రకటించాడు. 1951లో చనిపోయాడు. పల్లెల పేర్ల పుస్తకానికి సవరించిన రెండో కూర్పు ఆ మరుసటి ఏడాది, 1952లో, కార్క్ నుంచి వెలువడింది.

బెజవాడ_బుల్లోడు
మా చిన్నప్పుడు ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే మేస్టార్లు గోడలకు సున్నం కొట్టించి, బాగా చదివేవాళ్లను ముందు బెంచీలో కూర్చోబెట్టేవారు. ఈయన వస్తే బహుశా ఊళ్లో ముసలివాళ్లను ముందు బెంచీలో కూర్చోబెట్టి ఉంటారు.

విచారణ_పిల్ల
గుంటూరు జిల్లాలో కథోలిక కుటుంబంలో పుట్టి పెరిగినదాన్ని కనుక ఒక మాట చెబుతాను. గురువుకు దొరికే ప్రవేశం ఇంకెవరికీ దొరకదు. జ్ఞానస్నానం, వివాహం, అవస్థ అభ్యంగనం (రోగికి, మరణశయ్య మీద ఉన్నవారికి నూనె పూసే సంస్కారం), సమాధి, ఈ నాలుగింటి పేరుమీద ఆయన ప్రతి ఇంట్లోనూ అడుగుపెడతాడు. విచారణ రిజిస్టర్లు ఆయన చేతిలోనే ఉంటాయి. ఎవరి తాత ఎక్కడి నుంచి వచ్చాడో, ఏ రెండు కుటుంబాల మధ్య ఎందుకు మాటల్లేవో ఆయనకు తెలియకుండా ఉండదు. ఇతర దేశాల నుంచి వచ్చిన పరిశోధకుడికి ఒక ముసలాయన 'నాకేం తెలుసు బాబూ' అని చెప్పి పంపించే సంగతి, గురువుకు టీ ఇచ్చి కూర్చోబెట్టి చెబుతాడు. ఇందుకు విరుద్ధమైన కథ కూడా నాకు తెలుసు. మా అమ్మమ్మ వాళ్ల విచారణలో ఒక వరదకు పాత రిజిస్టర్లు తడిసి అతుక్కుపోతే, తరువాత వచ్చినవారు వాటిని విప్పే ప్రయత్నం చేయకుండా అటక మీద పడేశారు. మా అమ్మమ్మ జ్ఞానస్నానం తేదీ ఇప్పటికీ ఎవరికీ తెలియదు. గురువు అయినంత మాత్రాన చరిత్ర మీద శ్రద్ధ పుట్టదు. పవర్‌కు ఆ శ్రద్ధ ఉండడం వాటర్‌ఫర్డ్ వారి అదృష్టం.

డబ్లిన్_డెస్క్
పైన చెప్పినదంతా నిజమే కావచ్చు గాని, అదే ప్రవేశం ఆయన ఏం చూడగలిగాడో, ఏం చూడలేకపోయాడో కూడా నిర్ణయించింది. ప్రాథమిక పాఠశాలలు 1831లో ప్రభుత్వ ఖర్చుతో మొదలైనా, బడి మేనేజరుగా ఉపాధ్యాయుణ్ణి నియమించేది, తొలగించేది చాలాచోట్ల విచారణ గురువే. మేత్రాసన ఇన్‌స్పెక్టరు అడిగితే కాదనగల ఉపాధ్యాయుడు ఎవరు? ఆ ఉపాధ్యాయుడు ఆయన ముందు ఏ మాట మింగేస్తాడో ఆలోచించండి. గురువులు రాసిన మేత్రాసన చరిత్రల్లో బిషప్పుల జాబితాలు, పాత చర్చిల కొలతలు, హింసకు గురైన గురువుల కథలు పుష్కలంగా ఉంటాయి. కౌలుకూలీలు, పనిమనుషులు, పెళ్లికాకుండా తల్లులైనవారు, పొరుగున ఉన్న ప్రొటెస్టెంటు కుటుంబాలు ఎక్కడ ఉన్నారని వెతికితే ఒక వాక్యం దొరకడం కష్టం.

పాతకాగితం
డబ్లిన్_డెస్క్ గారు మేత్రాసన చరిత్రలనూ ఈ పుస్తకాన్నీ ఒకే గాటన కడుతున్నారు. పవర్ 1937లో రాసిన వాటర్‌ఫర్డ్, లిస్మోర్ మేత్రాసనాల సంక్షిప్త చరిత్రకు మీ విమర్శ వర్తిస్తుందేమో గాని, 1907 నాటి పుస్తకం వేరే రకం. దాని అమరికను గమనించండి. బ్యారనీ (కౌంటీలోని పాత విభాగం) వారీగా, దాని కింద పారిష్ వారీగా, దాని కింద టౌన్‌ల్యాండ్ వారీగా పోతుంది. ప్రతి టౌన్‌ల్యాండ్ కింద చిన్న అచ్చులో ఉప నామాలు ఉంటాయి. తీరప్రాంతపు పారిష్‌లకు వచ్చేసరికి పొలాల కన్నా సముద్రపు రాళ్ల పేర్లు, పడవలు కట్టే చిన్న తీరపు ఒంపుల పేర్లు ఎక్కువవుతాయి. అవి ఏ బిషప్పు దస్తావేజులోనూ లేవు. చేపలు పట్టేవారి నోట ఉన్నాయి, ఆయన ఆ నోటి నుంచి రాసుకున్నాడు. 'ఇక్కడ ఎవరు బతికారు?' అన్న ప్రశ్నకు ఆ పేర్లే జవాబు చెబుతాయి. కూలివాడు లేని చరిత్ర అని దాన్ని అనలేము, ఎందుకంటే పొలానికి పేరు పెట్టింది దున్నినవాడే.

లెక్కల_మాస్టారు
మరొక సంగతి జోడిస్తాను. ఆయన తిరిగిన కాలాన్ని మరిచిపోకూడదు. 1841లో ఐర్లండు జనాభా 81 లక్షల పైన, 1851 నాటికి దాదాపు 65 లక్షలు. మధ్యలో బంగాళాదుంప పంట కుళ్లిపోయి వచ్చిన మహాక్షామం. చచ్చిపోయినవారిలోనూ, ఓడలెక్కి వెళ్లిపోయినవారిలోనూ ఎక్కువమంది పడమటి, దక్షిణ ప్రాంతాల పేదలు, అంటే ఐరిష్ మాట్లాడేవారు. 1851 జనగణనలో మొదటిసారి భాష గురించి అడిగినప్పుడు ఐరిష్ వచ్చినవారు 15 లక్షలకు పైగా తేలారు. పవర్ పనిచేసే నాటికి వాటర్‌ఫర్డ్ పడమటి భాగంలోనూ, రింగ్ వంటి తీరపు ఊళ్లలోనూ ఆ భాష నిలిచి ఉంది గాని, తూర్పు భాగంలో వృద్ధుల నోట మాత్రమే మిగిలింది. బడిలో దానికి చోటు లేదు. 1879లో బడి గంటల తరువాత అదనపు పాఠంగా చెప్పుకోవడానికి అనుమతించారు, 1904లో గాని రెండు భాషల పాఠ్యక్రమం రాలేదు. ఈ పరిస్థితిలో ఒక్కొక్క వృద్ధుడి చావుతోనూ ఒక్కొక్క టౌన్‌ల్యాండులోని పొలాల పేర్లన్నీ పోయే ప్రమాదం ఉంది. ఇన్‌స్పెక్టరు ఒక తరం ఆలస్యంగా వెళ్లి ఉంటే రాసుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

కైఫీయతు
మా కడప వైపు వారికి ఇది చదువుతుంటే మెకంజీ కైఫీయతులు గుర్తుకు రాక మానవు. స్కాట్లండులోని లూయిస్ ద్వీపం నుంచి వచ్చిన కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ కోసం కావలి వెంకట బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు గ్రామ కరణాల చేత ఊరి వృత్తాంతాలు రాయించి సేకరించారు. ఐర్లండులో కూడా ఇలాంటి సర్వేయే జరిగిందని విన్నాను. పేర్లు రాసుకునే పని ప్రభుత్వమే చేసి ఉంటే మళ్లీ ఈ ఫాదరు ఎందుకు చేయవలసి వచ్చింది?

పాతకాగితం
మంచి ప్రశ్న. ఐర్లండులో ఆర్డ్నెన్స్ సర్వే 1824లో మొదలై, మైలుకు ఆరు అంగుళాల కొలతతో దేశమంతటికీ పటాలు గీసింది. పేర్లను నిర్ధారించే పని కిల్కెన్నీ జిల్లాకు చెందిన జాన్ ఓడోనవన్ అనే మహా పండితుడికి అప్పగించారు. ఆయన ఊరూరా తిరిగి పంపిన ఉత్తరాలు ఈనాటికీ పరిశోధకులకు ఆధారం. కాని ఆయన ముందున్న పని టౌన్‌ల్యాండ్ల పేర్లు. వాటికి ఇంగ్లీషు లిపిలో ఒక స్థిరమైన రూపం నిర్ణయించి పటం మీదకు ఎక్కించాలి, అదీ సైనిక ఇంజనీర్ల తొందరలో. పటం మీద చోటు లేని పొలం పేర్లు చాలావరకు బయటే ఉండిపోయాయి. పవర్ పని చోటు లేని ఆ పేర్ల దగ్గర మొదలవుతుంది. ఓడోనవన్ ఉత్తరాలను, 17వ శతాబ్దపు భూసర్వేలను పక్కన పెట్టుకుని, వాటితో ఊరివాళ్ల ఉచ్చారణను పోల్చుకుంటూ పోయాడు.

రాతిమీద_గీత
అయితే భాషాశాస్త్రజ్ఞుడిగా ఓడోనవన్ మెట్టు పైన ఉన్నాడనే చెప్పాలి. పవర్ చెప్పిన వ్యుత్పత్తులలో కొన్నింటిని తరువాతి పండితులు మార్చారు. ఒక పేరుకు 'సాధువు చర్చి' అని అర్థం చెప్పగల అవకాశం, 'అడవి' అని చెప్పగల అవకాశం రెండూ ఉన్నప్పుడు, గురువు మనసు మొదటిదాని వైపు మొగ్గడం సహజం. ఇంగ్లీషు రాతలో 'కిల్' అని మొదలయ్యే పేర్లన్నింటికీ ఈ చిక్కు ఉంది. అందుచేత షూర్_ఒడ్డున గారికి నా సలహా ఏమిటంటే, పేరు ఉన్నదని చెప్పడానికి, దాన్ని ఊరివాళ్లు ఎలా పలికారో చెప్పడానికి ఆయనను పూర్తిగా నమ్మండి, అర్థం దగ్గరకు వచ్చేసరికి ప్రభుత్వ స్థలనామాల డేటాబేస్‌తో సరిచూసుకోండి.

షూర్_ఒడ్డున
ఇది చాలా పనికివచ్చే మాట. మా టౌన్‌ల్యాండ్ కింద ఆయన ఇచ్చిన ఉప నామాలలో ఒకటి 'కిల్లీన్' అనే పొలం. పక్కింటి ముసలాయనను అడిగితే, అది ఎక్కడ ఉందో చూపించాడు గాని, 'అక్కడ ఎవరూ నాగలి పెట్టరు' అని మాత్రం చెప్పి మాట మార్చేశాడు. చూడడానికి ఒక మూల పచ్చిక, ముళ్లపొదలు, మోకాలెత్తు కూడా లేని చెక్కని రాళ్లు కొన్ని. దాని సంగతి ఎవరికైనా తెలుసా?

రాతిమీద_గీత
అది పసిపిల్లల శ్మశానం. జ్ఞానస్నానం పొందకుండా చనిపోయిన శిశువును చర్చి దీవించిన నేలలో సమాధి చేయనిచ్చేవారు కాదు. వారి ఆత్మలు స్వర్గానికీ నరకానికీ చెందని 'లింబో' అనే చోట ఉంటాయని నమ్మకం. అలాంటి శిశువులను పాడుబడిన పాత చర్చి ఆవరణల్లో, పొలిమేరల్లో, పొలం మూలల్లో పూడ్చేవారు. పొద్దు గుంకిన తరువాత తండ్రో మేనమామో చిన్న పెట్టె చంకన పెట్టుకుని వెళ్లి, గుర్తుగా ఒక నాపరాయి నిలబెట్టి వచ్చేవాడు. ఆ రాయి మీద పేరు ఉండదు. ఈ ఆచారం 20వ శతాబ్దం మధ్య వరకు కొన్నిచోట్ల నడిచింది. ఆ ముసలాయన మాట మార్చడానికి కారణం అదే అయి ఉంటుంది. ఆయన తోబుట్టువులే అక్కడ ఉండవచ్చు, మళ్లీ అడగకండి.

ఈ చోట్లు చాలావరకు తొలి క్రైస్తవ యుగపు చర్చి స్థలాలు కూడా. వాటర్‌ఫర్డ్ కౌంటీలోనే డ్రమ్‌లోహన్ అనే చోట ఇలాంటి కిల్లీన్‌లో 1867లో ఒక భూగర్భ మార్గం బయటపడింది. దాని కప్పు దూలాలుగానూ, పక్క రాళ్లుగానూ వాడినవి ఓగమ్ శాసనాలని తేలింది, మొత్తం పది రాళ్లు. ఓగమ్ లిపి రాయి అంచునే గీతగా తీసుకుంటుంది. అంచుకు కుడివైపు ఒకటి నుంచి అయిదు గాట్లు, ఎడమవైపు ఒకటి నుంచి అయిదు, అడ్డంగా దాటేవి, అంచు మీద చిన్న నొక్కులు, వీటి కలయికతో అక్షరాలు ఏర్పడతాయి. కింది నుంచి పైకి చదవాలి. సాధారణంగా ఉండే విషయం 'ఫలానావాడి కొడుకు ఫలానావాడు' అనేంతే. ఎవరో పూర్వీకుల పేర్లు చెక్కిన రాళ్లను తరువాతి తరాలవారు దూలాలుగా వాడుకున్నారు, ఆ పైన ఇంకో తరంవారు పేరులేని పిల్లలను పూడ్చారు.

డబ్లిన్_డెస్క్
ఇదిగో, నేను చెప్పదలచుకున్నది ఇక్కడే తేలుతున్నది. పవర్ వంటివారు కిల్లీన్‌లను ఓపికగా గుర్తించారు, ఇక్కడ ప్రాచీన చర్చి ఉండేదని, ఇక్కడ శిశువులను పూడుస్తారని రాశారు. కాని ఆ శిశువులను అక్కడికి పంపిన సిద్ధాంతం తాము బడి పిల్లల చేత వల్లెవేయించినదేనన్న సంగతి గురించి పుస్తకంలో ఒక వ్యాఖ్య ఉండదు. పురావస్తువుగా చూసినంత తేలికగా దాన్ని దుఃఖంగా చూడలేదు.

ట్యూమ్ సంగతి తెలియనివారి కోసం చెబుతాను. గాల్వే కౌంటీలోని ఆ పట్టణంలో బాన్ సెకూర్ సన్యాసినులు 1925 నుంచి 1961 వరకు పెళ్లికాని తల్లులకు, వారి పిల్లలకు ఒక వసతిగృహం నడిపారు. కేథరిన్ కోర్లెస్ అనే స్థానిక చరిత్రకారిణి, ఏ విశ్వవిద్యాలయంతోనూ సంబంధం లేని గృహిణి, 2012లో పట్టణ చరిత్ర సంఘం పత్రికకు దాని గురించి వ్యాసం రాసింది. అక్కడ చనిపోయిన 796 మంది పిల్లల మరణ ధ్రువపత్రాలు ఒక్కొక్కటిగా సంపాదించింది. వారికి సమాధుల రికార్డు మాత్రం కనిపించలేదు. 2017లో ప్రభుత్వ కమిషన్ అక్కడి భూగర్భ గదుల్లో గణనీయమైన సంఖ్యలో శిశువుల అవశేషాలు ఉన్నట్టు ధ్రువీకరించింది. 2021లో ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు, సన్యాసినుల సంఘమూ చెప్పింది. గురువు కాని మనిషి, పైగా స్త్రీ, రిజిస్టర్ల బయట నిలబడి చూడబట్టి ఇది తేలింది. గురువుల చేతిలోనే స్థానిక చరిత్ర ఉండి ఉంటే తేలేదా?

విచారణ_పిల్ల
ట్యూమ్ విషయంలో మీ కోపంతో నాకు పేచీ లేదు, విశ్వాసిగా నాకు ఇంకా ఎక్కువ సిగ్గు. లింబో గురించి కూడా, 2007లో వాటికన్‌లోని దైవశాస్త్ర కమిషన్ జ్ఞానస్నానం లేని శిశువులకు రక్షణ దొరుకుతుందని ఆశించవచ్చని రాసింది. కిల్లీన్‌లలో పూడ్చినవారి తల్లులలో ఎంతమంది ఆ మాట వినడానికి బతికి ఉన్నారు? అయితే 1907లో రాసినవాడిని 2012 నాటి ప్రశ్నలు ఎందుకు అడగలేదని నిలదీయడం న్యాయమేనా? పైగా ఆయన ఆ పొలం పేరు రాసి ఉండకపోతే షూర్_ఒడ్డున గారు పక్కింటి ముసలాయనను ఏమని అడిగేవారు?

డబ్లిన్_డెస్క్
1907లో కూడా తల్లులకు దుఃఖం ఉంది కనుక, న్యాయమే.

బెజవాడ_బుల్లోడు
మీ ఇద్దరి మధ్యా నేను వేలు పెట్టను గాని, లైబ్రరీ కాపీకి తిరిగి ఇచ్చే తేదీ ఉంటుందన్న సంగతి షూర్_ఒడ్డున గారికి గుర్తు చేస్తున్నాను.

పాతకాగితం
గురువులు రాసిపెట్టడం వల్ల మిగిలినదేమిటో కూడా లెక్కలోకి తీసుకోవాలి. 1922 జూన్ 30న అంతర్యుద్ధం మొదటి రోజుల్లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ పేలుడులో పబ్లిక్ రికార్డు ఆఫీసు తగలబడింది. 1821 నుంచి 1851 వరకు జరిగిన జనగణనల పత్రాలు దాదాపు అన్నీ, వందల ఏళ్ల వీలునామాలు, ప్రొటెస్టెంటు పారిష్‌ల రిజిస్టర్లలో సగానికి పైగా బూడిదయ్యాయి. కాలిన కాగితపు ముక్కలు నగరం మీద ఎగిరాయని చూసినవారు రాశారు. ఆ తరువాత చరిత్రకారులు ఏ ఆధారం కోసం వెతికినా, మంటకు ముందే ఎవరో దాన్ని చేత్తో ఎత్తిరాసుకుని ఉండాలి. అలా ఎత్తిరాసినవారిలో గురువులు ముఖ్యులు. కిల్కెన్నీ ప్రాంతంలో విలియం కారిగన్, 1860లో పుట్టిన విచారణ గురువు, 1905లో ఆసోరీ మేత్రాసన చరిత్రను నాలుగు సంపుటాలుగా ప్రచురించాడు. దానికోసం ఆయన నింపిన నోటుపుస్తకాలు కిల్కెన్నీలోని సెయింట్ కీరన్స్ కళాశాలలో ఉన్నాయి. వాటిలోని వీలునామా సారాంశాలకు అసలు ప్రతులు ఇప్పుడు లేవు. మీత్ మేత్రాసనంలో ఆంథొనీ కోగన్ 1862, 1867, 1870లలో మూడు సంపుటాలు వేసి, 1872లో నలభై ఆరేళ్లకే పోయాడు. ఆయన అడిగినవారు క్షామం కన్నా ముందు పుట్టిన మనుషులు, ఆ అవకాశం ఇక ఎవరికీ రాదు.

విచారణ_పిల్ల గారి అటక మీది రిజిస్టర్ల కథకు ఇక్కడ ఒక తమాషా ప్రతిఫలం ఉంది. కథోలిక రిజిస్టర్లను ప్రభుత్వం గుర్తించలేదు కనుక అవి ఆ ఆఫీసుకు చేరలేదు, విచారణల్లోనే ఉండిపోయి మంటను తప్పించుకున్నాయి. జాతీయ గ్రంథాలయం 2015లో వాటిని ఆన్‌లైన్‌లో పెట్టింది.

కైఫీయతు
జనగణన పత్రాలు అన్నీ మంటలో పోలేదు కదా, కొన్నింటిని ప్రభుత్వమే చెరిపిందని చదివాను.

పాతకాగితం
నిజమే. 1861, 1871 పత్రాలను గోప్యత పేరుమీద, 1881, 1891 పత్రాలను మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కాగితపు గుజ్జు కింద ప్రభుత్వమే నాశనం చేసింది. సంపూర్ణంగా మిగిలినవి 1901, 1911. ఆ మంటలో పోయినదాన్ని ఇతర చోట్ల ఉన్న నకళ్ల నుంచి తిరిగి కూర్చే వర్చువల్ రికార్డ్ ట్రెజరీ సరిగ్గా వందేళ్లకు, 2022లో, తెరుచుకుంది. అందులో కారిగన్ వంటివారి చేతిరాతల విలువ ఎంతో చెప్పనక్కరలేదు.

నేతిబీరకాయ
ప్రభుత్వం గుజ్జు చేసింది, తిరుగుబాటుదారులు కాల్చారు, ఫాదర్లు ఎత్తిరాసుకున్నారు. డబ్లిన్_డెస్క్ గారికి ఈ రౌండు కష్టమే.

డబ్లిన్_డెస్క్
కష్టమేమీ లేదు. ఎత్తిరాసుకున్నందుకు నమస్కారం, ఏది ఎత్తిరాయలేదన్నది నా ప్రశ్న. రెండూ ఒకే పుస్తకం గురించి అడగవచ్చు.

లెక్కల_మాస్టారు
అమ్మాయి బడి ప్రాజెక్టు కనుక ఒక ఉపాధ్యాయుడిగా నా మాట కూడా వినండి. 1937 నుంచి 1939 వరకు ఐరిష్ జానపద కమిషన్ ఒక పెద్ద పథకం నడిపింది. ఇరవై ఆరు కౌంటీలలో సుమారు 5,000 బడులలోని 50,000 మంది పైతరగతి పిల్లల చేత, వారం వారం రాయవలసిన వ్యాసానికి బదులుగా, ఇంట్లో పెద్దవారిని అడిగి ఊరి సంగతులు రాయించారు. పొలాల పేర్లు, పవిత్ర బావులు, క్షామపు రోజులు, పాత బడులు, నాటు వైద్యాలు, పండుగలు, అన్నీ ఉన్నాయి. పదకొండు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు తాతమ్మల మాటలను తమ గుండ్రటి చేతిరాతలో దింపారు, ఎవరు చెప్పారో, వారి వయసెంతో కూడా కింద రాశారు. ఇది 'డూహస్' అనే వెబ్‌సైటులో బడుల వారీగా దొరుకుతుంది. మీ అమ్మాయి బడి లేకపోయినా పక్క బడి తప్పక ఉంటుంది.

డబ్లిన్_డెస్క్ గారి అభ్యంతరానికి ఇది కొంత జవాబు కూడా. అంతకు ముప్పయ్యేళ్ల ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి అడిగితే చెప్పని మాట, మనవరాలు పొయ్యి దగ్గర కూర్చుని అడిగితే చెబుతారు. రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టి, ఒకే పొలం గురించి ఫాదర్ ఏం రాశాడో, పిల్ల ఏం రాసిందో పోల్చమని అమ్మాయికి చెప్పండి. పదకొండేళ్ల పిల్లకు అంతకన్నా మంచి చరిత్ర పాఠం నేను చెప్పలేను.

విచారణ_పిల్ల
మాస్టారి సలహా బాగుంది. ప్రసంగవశాత్తు ఒక చిన్న సంగతి. మన హైదరాబాదు మేత్రాసనానికి మొదటి అపోస్తలిక వికార్లలో (పోపు తరఫున ఆ ప్రాంతాన్ని చూసుకునేవారిలో) ఒకరైన డేనియల్ మర్ఫీ ఐర్లండులోని కార్క్ ప్రాంతంవాడే. 1815లో పుట్టి, మేనూత్ గురువిద్యాలయంలో చదివి, మద్రాసు మీదుగా హైదరాబాదు వచ్చాడు. తరువాత ఆస్ట్రేలియాలోని హోబర్ట్‌కు బిషప్పుగా వెళ్లి 1907లో అక్కడే పోయాడు. పవర్ పుస్తకం వచ్చిన ఏడాదే. ఆ కాలపు ఐరిష్ గురువుల్లో లివర్‌పూల్, మద్రాసు, ఆస్ట్రేలియాలు చూడనివారు తక్కువేమో. అంత తిరిగి వచ్చాకనే పవర్‌కు సొంత ఊరి పొలం పేరు విలువ తెలిసి ఉంటుందని నాకు అనిపిస్తుంది.

బెజవాడ_బుల్లోడు
విదేశాలకు వెళ్లి వచ్చాక ఊరి మీద ప్రేమ పెరగడం మన అమెరికా బంధువుల్లో రోజూ చూస్తున్నదే. కాకపోతే వాళ్లు పొలం పేర్లు రాయడం లేదు, పొలం రేట్లు అడుగుతున్నారు.

షూర్_ఒడ్డున
డూహస్‌లో వెతికాను. మా పక్క పారిష్ బడి ఉంది. ఒక పన్నెండేళ్ల పిల్ల తమ ఊరి పొలాల పేర్ల జాబితా రాసింది. పవర్ ఇచ్చినవాటిలో చాలావరకు ఉన్నాయి, రెండు మూడు ఆయన ఇవ్వనివి కూడా ఉన్నాయి. కిల్లీన్ పొలం గురించి ఆ పిల్ల 'అక్కడ చిన్న పాపలు ఉన్నారు, మా అమ్మమ్మ ఆ దారిన వెళ్లేటప్పుడు ప్రార్థన చెబుతుంది' అనే అర్థం వచ్చే వాక్యం రాసింది. పవర్ రాసినది 'తొలి చర్చి స్థలం' అని. రెండూ ప్రాజెక్టులో పెట్టమని మా అమ్మాయికి చెప్పాను. అది ఎవరి మాట ముందు పెట్టాలని అడుగుతోంది.

డబ్లిన్_డెస్క్
అమ్మమ్మ మాట.

రాతిమీద_గీత
తేదీల ప్రకారం ఫాదర్ మాట ముందు, 1907 కనుక. పవర్ పేజీ సంఖ్య వేసేటప్పుడు ఏ కూర్పో కూడా రాయించండి. 1907 దానికీ 1952 దానికీ పేజీలు కలవవు, టీచరు మరో కూర్పు తెరిస్తే ఎంట్రీ దొరకదు.